కొవ్వు ఒలవని సిర

2004 జూన్‌లో ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర కొత్తగా తెరిచిన ఒక ప్రైవేటు గుండె ఆసుపత్రిలో సీనియర్ ఫిజీషియన్ అసిస్టెంటుగా చేరాను. అంతకు ముందు పదమూడేళ్లు సర్కారు దవాఖానాలో, గుండె ఆపరేషన్ల థియేటర్‌లో టెక్నీషియన్‌ని. హోదా పేరు పెద్దదైంది గానీ చేసే పని అదే. బైపాస్ ఆపరేషన్‌లో సర్జన్ ఛాతీ తెరుస్తుండగా, నేను రోగి కాలు తెరిచి అందులోంచి ఒక సిరను క్షేమంగా బయటికి తీసి ఇవ్వాలి.

జనం దాన్ని కాలి నరం అంటారు. నిజానికి అది నరం కాదు, రక్తాన్ని పైకి మోసుకుపోయే గొట్టం. చీలమండ లోపలి వైపు మొదలై, చర్మం కిందనే తొడ మొదలు దాకా వస్తుంది. కాలికి లోపల వేరే పెద్ద సిరలు ఉంటాయి కాబట్టి ఇది లేకపోయినా పని నడుస్తుంది. దీని ఒక కొసను గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమనికి, రెండో కొసను గుండె నాళంలో పడిన పూడికకు అవతల కుట్టి, రక్తానికి పక్కదారి వేస్తారు. దాన్నే గ్రాఫ్టు అంటాం. సర్జన్ పేరు రోగికి బతికినంతకాలం గుర్తుంటుంది. సిర తీసిన మనిషి ఎవరో అడిగేవాళ్లు ఉండరు.

సర్కారు దవాఖానాలో ఆ పని నాకు నేర్పింది భిక్షపతి సార్. భువనగిరి వైపు మనిషి. థియేటర్‌లో అటెండరుగా చేరి, చూసి చూసి నేర్చుకుని, చివరికి సర్జన్లే పిలిపించుకునే స్థాయికి వచ్చాడు. పొట్టి మనిషి, బల్ల అందడానికి కాళ్ల కింద చెక్కపీట వేసుకునేవాడు. ఆయన తీసిన సిర చూడాలి! చిక్కుడుకాయకు ఈనె తీసినట్టు, చుట్టూ ఉన్న కొవ్వునంతా సన్న కత్తెరతో ఒలిచేవాడు. పక్కకు చీలే ప్రతి చిన్న కొమ్మనూ పట్టుదారంతో ముడివేసి కోసేవాడు. ఒలిచేసరికి సిర బెదిరినట్టు ముడుచుకుపోతుంది. అప్పుడు సిరంజితో సెలైన్ ఎక్కించి ఉబ్బించాలి. ఎక్కడైనా చుక్క కారితే అక్కడ ఇంకో ముడి. ఆఖర్న దాన్ని లైటు కింద పైకెత్తి చూపేవాడు. తెల్లగా, నున్నగా, తామర తూడులా ఉండేది. నేను తీసినదానికి ఎక్కడైనా పిసరంత పసుపు అంటుకుని కనిపిస్తే, ఫోర్సెప్స్ వెనక వైపుతో నా వేళ్ల కణుపుల మీద కొట్టేవాడు. మాట అనేవాడు కాదు. నా చేతులు ఆ దెబ్బలతోనే తయారయ్యాయి.

2006లో ఆయన రిటైరై నాచారంలోని సొంత ఇంట్లో స్థిరపడ్డాడు. పండగలకు వెళ్లి కనిపించి వచ్చేవాణ్ని.

2008 వేసవిలో మా చీఫ్ సర్జన్ డాక్టర్ వసుంధర గారు మమ్మల్ని పిలిచి, ఇకనుంచి సిరను ఒలవొద్దన్నారు. ఆమెది గుంటూరు వైపు. ఎవర్నైనా మీరనే అనేవారు, కానీ చెప్పింది రెండోసారి చెప్పేవారు కాదు. సిరకు రెండు పక్కలా వేలి గోరంత వెడల్పున కొవ్వు ఉంచి, ఆ కొవ్వుతో సహా తీయాలి. సిరంజితో ఉబ్బించకూడదు. ముట్టుకోవలసి వస్తే కొవ్వునే పట్టుకోవాలి తప్ప సిరను పట్టుకోకూడదు.

కారణం ఆమె ఒక కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. సిరలో రక్తం పారుతుంది గానీ, ఆ సిర గోడకు తిండి పెట్టే సన్నటి నాళాలు వేరే ఉంటాయి, అవి ఈ కొవ్వులోంచే వస్తాయి. కొవ్వు ఊరికే పడి ఉండదు; సిర ముడుచుకోకుండా, లోపలి పొర చెడకుండా కాపాడే పదార్థాలను స్రవిస్తుంది. గుండె మీద వంపు తిరిగే చోట మెత్తలా ఆనుకుని మడత పడకుండా చూస్తుంది. ఒలిచేసిన సిరకు ఇవేవీ ఉండవు. పైగా మనం సిరంజితో బలవంతంగా ఉబ్బించినప్పుడు లోపలి పొర చిట్లుతుంది. ధమనిలోని ఒత్తిడి మీద పడేసరికి అలాంటి సిర లోపలి నుంచి మందమెక్కి, కొన్నేళ్లకు పూడుకుపోతుంది. బైపాస్ అయిన రోగులు ఎనిమిదేళ్లకో పదేళ్లకో మళ్లీ నొప్పితో రావడం మేమంతా చూసినదే. అది వాళ్ల తలరాత అనుకునేవాళ్లం.

నేను ఎదురు చెప్పలేదు. కానీ మొదటిసారి కొవ్వుతో సహా తీసిన సిరను ట్రేలో పెట్టి పైకి, ఛాతీ దగ్గరున్న సర్జన్‌కు పంపినప్పుడు, సగం తోమిన గిన్నెలో అన్నం వడ్డించినంత నామోషీగా అనిపించింది. పసుపుపచ్చగా, లావుగా, ఆకారం లేకుండా ఉంది. నన్ను దాటి వెళ్తున్న ట్రే వైపు చూడలేకపోయాను. ఇంకో చిక్కు కూడా ఉంది. కొవ్వుతో సహా తీస్తే కాల్లో పెద్ద గాడి మిగులుతుంది. షుగరు ఉన్నవాళ్లలో కొందరికి ఆ గాయం మానక పుండు పడేది. గుండెకు చేసిన మేలుకు కాలు బాధపడేది.

ఏడాది తిరిగేసరికి చెయ్యి కొత్త పద్ధతికి అలవాటు పడింది. భిక్షపతి సార్‌కు మాత్రం చెప్పలేదు. దసరాకు వెళ్లినప్పుడు, “ఎట్లున్నది పని? సాఫ్‌గ తీస్తున్నవా?” అని అడిగాడు. తీస్తున్నాను సార్ అన్నాను. ఆయన నేర్పిన విద్యలోని ముఖ్యమైన సగం తప్పని తేలింది అని ఏ నోటితో చెప్పను? చెప్పకపోవడమే మర్యాద అనుకున్నాను.

2009 అక్టోబరులో ఆయనే మా ఆసుపత్రికి వచ్చాడు. గుడి మెట్లు ఎక్కుతుంటే ఛాతీ పట్టేసిందట. యాంజియోగ్రాం తీస్తే మూడు చోట్ల పూడికలు. వయసు అరవై ఒకటి, పదిహేనేళ్లుగా షుగరు. బైపాస్ తప్పదన్నారు. ఒక దారికి ఛాతీ లోపలి ధమని వాడొచ్చు, మిగతా రెండింటికీ కాలి సిర కావాలి.

నేను వసుంధర గారి గదికి వెళ్లి, సార్‌కు షుగరు ఉంది, కాలు మానుతుందో లేదో, పాత పద్ధతిలో సన్న కోతతో తీసేద్దామా అని అడిగాను.

“ఆయనకు ఇంకా ఎన్నేళ్లు ఉన్నాయనుకుంటున్నారు?”

“పదిహేను, ఇరవై ఏళ్లు ఉండాలి మేడం.”

“అయితే ఎనిమిదేళ్ల సిర ఇద్దామా, పదిహేనేళ్ల సిర ఇద్దామా? కాలి సంగతి మీకే బాగా తెలుసు సత్తయ్య గారూ. ఆయనకు రెండూ చెప్పి అడుగుతాను. మీరు కూడా చెప్పండి.”

ఆమె చెప్పారు. కాలి గాయం ఆలస్యంగా మానవచ్చని, కోత కాస్త పెద్దదవుతుందని. సార్ సరిగా వినలేదు, కొవ్వు దాకా మాట రానివ్వలేదు. మీరేం జేసినా మంచిదే మేడం, కాలు మా సత్తయ్య సూసుకుంటడు అని సంతకం పెట్టాడు. సాయంత్రం నేను వార్డుకు వెళ్లేసరికి పక్క మంచం ఆయనకు నన్ను చూపిస్తున్నాడు. “గీయన నా శిష్యుడు. రేపు నా కాలు ముట్టేది గీయనే.” నా వైపు తిరిగి, “ఏంరా, మంచిగ సాఫ్ జెయ్యాలె. పిసరంత కొవ్వు కనబడొద్దు. నా పేరు ఖరాబ్ చెయ్యకు” అన్నాడు.

ఆ క్షణంలో చెప్పి ఉండాల్సింది. నోరు తెరిచాను కూడా. పక్క మంచం మనిషి నన్ను మెచ్చుకోలుగా చూస్తున్నాడు. సార్ ముఖం వెలిగిపోతోంది. ఫికర్ చెయ్యకుండ్రి సార్ అని మాత్రం అనగలిగాను.

మర్నాడు ఉదయం ఆయన కాలు తెరిచాను. ఇన్నేళ్లలో ఎన్నో కాళ్లు చూసినవాణ్ని, ఆ కాలి ముందు చెయ్యి ఒక్క నిమిషం ఆగింది. ఎదురుగా గుడ్డల కింద ఉన్నది మనిషి అని మరచిపోతేనే మా పని సాగుతుంది. ఆ రోజు మరవడం కుదరలేదు. చీలమండ దగ్గర మొదలుపెట్టి మోకాలి పైదాకా వెళ్లాను. సిరకు రెండు పక్కలా కొవ్వు వదిలి, కొమ్మలకు క్లిప్పులు వేసి, రక్తం కారే చోట కరెంటు పెన్నుతో కాల్చి ఆపుతూ, మొత్తం తీసి ఇచ్చాను. రక్తం వదలగానే గ్రాఫ్టు నిండుగా కొట్టుకుంటోందని పైనుంచి వసుంధర గారు అన్నారు. ఆపరేషన్ బాగా జరిగింది. ఎనిమిదో రోజు సార్ ఇంటికి వెళ్లాడు.

పన్నెండో రోజు ఆయన భార్య అంజమ్మ ఫోను చేసింది. పిక్క దగ్గర కుట్లు విచ్చుకున్నాయని, చీము కారుతోందని. నేను భయపడ్డదే జరిగింది. ఆసుపత్రికి తెచ్చి గాయం శుభ్రం చేశారు. ఎముకకు, లోతు కండకు ఏమీ కాలేదు గానీ, జానెడు పొడుగున గాడి తెరుచుకుని ఉంది. లోపలి నుంచి పైకి దానంతట అదే పూడుకుంటూ రావాలి. రోజూ కడిగి, గాజుగుడ్డ నింపి కట్టాలి. రోజూ ఆయన్ని ఆటోలో తిప్పడం కష్టమని, డ్యూటీకి ముందు ఇంటికెళ్లి నేనే కడతానని మేడంకు చెప్పాను.

అలా మొదలైంది. నేనప్పుడు రామంతాపూర్‌లో ఉండేవాణ్ని. ఆరున్నరకు షేరాటో పట్టుకుని హబ్సిగూడ దాకా, అక్కడినుంచి ఇంకో ఆటోలో నాచారం. ఫ్యాక్టరీల మొదటి షిఫ్టు జనం టిఫిన్ డబ్బాలతో గేట్ల వైపు నడుస్తుండేవారు. సార్ ఇల్లు ఇండస్ట్రియల్ ఏరియా వెనక సందులో ఉండేది. అంజమ్మ నీళ్లు మరిగించి, చల్లార్చి సిద్ధంగా పెట్టేది. సార్ కాలు దిండు మీద పెట్టుకుని కిటికీ పక్కన కూర్చునేవాడు.

మొదటి రోజు కట్టు విప్పగానే ఆయన వంగి గాయాన్ని చూశాడు. ఎదుటివాడి కాలు చూసినట్టే చూశాడు.

“గింత లోతేందిరా? సిర తీస్తె గింత గాడి పడదు. నేను నేర్పింది మరచిపోయినవా?”

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. గాజుగుడ్డ పక్కన పెట్టి చెప్పాను. “కొవ్వుతోనే తీసిన సార్. మేమిప్పుడు సాఫ్ చేస్తలేం.”

“చేస్తలేరా? ఎప్పటిసంది?”

“ఏడాదిన్నర అయింది.”

కట్టు కట్టడం అయ్యేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. నేను లేచి చెప్పులు వేసుకుంటుంటే, “ఎందుకో చెప్పు రేపు” అన్నాడు.

ఆ రేపు నేనొక సీసా తీసుకెళ్లాను. ఆయన సిరలో వాడగా మిగిలిన వేలెడు ముక్కను పాడవకుండా ఫార్మలిన్‌లో ఉంచి, పరీక్ష కోసం ల్యాబుకు పంపాలని పక్కన పెట్టారు. ఆయన ఒంట్లోదే కదా, ఒకసారి ఆయనకు చూపిస్తానని మేడంను అడిగితే సరేనన్నారు. సార్ ఆ సీసాను కిటికీ వెలుగులో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. వసుంధర గారు నాకు చెప్పిందంతా నేను ఆయనకు చెప్పాను. గోడకు తిండి పెట్టే నాళాలు, కొవ్వు స్రవించే పదార్థాలు, సిరంజి ఒత్తిడికి చిట్లే లోపలి పొర. ఆయన మధ్యలో రెండు ప్రశ్నలు వేశాడు. రెండూ డాక్టర్లు వేసే ప్రశ్నలే. తర్వాత సీసా కింద పెట్టాడు.

“మరి నేను ఒలిచినయన్ని?”

అంజమ్మ టీ తెచ్చి పెట్టింది. ఆయన ముట్టలేదు.

“కాజీపేట రైల్వే గార్డు ఉండె, యాదికున్నడా? మీసాలాయన. ఒక బడి పంతులమ్మ ఉండె. మౌలాలి దర్గా కింద పూలమ్మేటాయన… దండ తెచ్చి నా మెడల ఏసిండు.”

“మీరు తీయకుంటే వాళ్లు ఆ యేడే పోయేటోళ్లు సార్.”

“గది నాకెర్క లేదా? నేనడిగేది గది గాదు. ఇంకొన్నేండ్లు ఉందురేమో అంటున్న.”

మాకెవరికీ తెలియదు. అప్పుడు ఎవరికీ తెలియదని, అందరు సర్జన్లూ అలాగే తీయించారని అనవచ్చు. అది నిజమే. కానీ ఆయన చేతుల వైపు చూసి ఆ మాట అనబుద్ధి కాలేదు.

తర్వాత రెండు రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. నేను వెళ్లడం, కట్టు మార్చడం, రావడం. అంజమ్మ నన్ను గేటు దాకా సాగనంపుతూ, “అన్నం సరిగ తింటలేడు. ఏమన్నవు నాయినా?” అని అడిగింది. ఆయన మనసు బాగోలేదు అమ్మా అన్నాను.

మూడో రోజు నేను గడప దాటకముందే ఆయన, “ఎట్ల తీస్తరో చూపియ్యి” అన్నాడు.

నోటితో చెబితే సరిపోలేదు. ఆదివారం అంజమ్మ చేత మటన్ కొట్టు నుంచి మేక తొడ తెప్పించాడు. పాత పేపర్లు పరిచి, ఆయన కాలికి కట్టు కట్టడం అయ్యాక, ఇద్దరం ఆ తొడ ముందు కూర్చున్నాం. రిటైరైన రోజు తోటివాళ్లు కానుకగా ఇచ్చిన కత్తెర, ఫోర్సెప్స్ ఆయన బీరువాలోంచి తీశాడు. తొడ లోపలి వైపు రక్తనాళం కొవ్వులో దాగి ఉంది. నేను సగం తీసి చూపించాను. మిగతా సగం ఆయన తీశాడు. మూడేళ్లుగా పని లేని చేతులు, అయినా ఎక్కడా తొణకలేదు. అలవాటుకొద్దీ కత్తెర ఒకసారి కొవ్వును ఒలవబోయి తనంతట తానే ఆగింది. ఆయన నా వైపు చూసి నవ్వాడు. “కణుపుల మీద కొట్టవా?” అన్నాడు. ఆ మధ్యాహ్నం అంజమ్మ ఆ తొడను కూర వండింది. సార్‌కు పెట్టలేదు, నాకు పెట్టింది.

ఆ రోజుల్లోనే తెలంగాణ ఉద్యమం ఉధృతమైంది. బంద్ రోజుల్లో ఆటోలు, బస్సులు ఉండేవి కావు. నేను రామంతాపూర్ నుంచి నాచారం దాకా నడిచి వెళ్లేవాణ్ని. చౌరస్తాల్లో టైర్లు కాలుతుండేవి. సంచీలో గాజుగుడ్డలు, సెలైన్ సీసా చూసి ఉద్యమం పిల్లలు పోనిచ్చేవాళ్లు. ఒక్క రోజు కూడా మానలేదు. గాయం అడుగు నుంచి ఎర్రగా, గింజ గింజగా కొత్త కండ వచ్చింది. తొమ్మిది వారాలకు మూసుకుంది. నిజం చెప్పాలంటే, ఆఖరి వారం అది మూసుకుంటుంటే నాకు సంతోషంతో పాటు ఇంకేదో దిగులు కూడా కలిగింది. సర్కారు దవాఖానాలో పదమూడేళ్లు ఆయన పక్కన నిలబడ్డాను గానీ, ఆయనతో అంత మాట్లాడింది ఆ తొమ్మిది వారాలే.

చివరి కట్టు విప్పిన రోజు ఆయన ఒక కోరిక చెప్పాడు. బతికున్న మనిషి కాల్లోంచి ఒక్కసారి కొవ్వుతో సిర తీయాలని ఉంది అన్నాడు. అది కుదరదని ఆయనకూ తెలుసు. అడిగి చూస్తానన్నాను. వసుంధర గారు, చేతులు పెట్టడం నిబంధనలు ఒప్పుకోవు, రోగి అనుమతితో వచ్చి చూడవచ్చు అన్నారు. ఆయన దానికే పొంగిపోయాడు.

2010 ఫిబ్రవరిలో ఒక ఉదయం ఆయన మా థియేటర్‌కు వచ్చాడు. టోపీ, మాస్కు, గౌను వేసుకుని, ఆయన కోసం తెప్పించిన పీట మీద నా వెనక నిలబడ్డాడు. రోగి యాభై దాటిన స్త్రీ. నేను పని మొదలుపెట్టాను. వెనక నుంచి ఆయన శ్వాస వినిపిస్తూనే ఉంది. ఒకసారి తల తిప్పి చూస్తే, ఆయన రెండు చేతులూ పొట్ట ముందు కట్టుకుని ఉన్నాడు, వేళ్లు మాత్రం నాతో పాటు కదులుతున్నాయి.

సిర మొత్తం విడిపించాను. పై కొస బిగించి కోయబోతుండగా ఆయన నెమ్మదిగా, “ఆగు” అన్నాడు. “ఎడమ దిక్కు. కింద. కొవ్వుల ఒక కొమ్మ ఉన్నది.”

నాకేమీ కనిపించలేదు. కొవ్వుతో తీయడంలో ఉన్న పెద్ద ప్రమాదం అదే. ముడి వేయని కొమ్మ కొవ్వులో దాక్కుంటుంది. గుండె మీద కుట్టి రక్తం వదిలాక గానీ బయటపడదు. అప్పుడు రక్తం చిమ్ముతుంది. కొవ్వును ఫోర్సెప్స్‌తో తిప్పి చూశాను. అగ్గిపుల్లంత కొమ్మ, కోసిన కొస తెరుచుకునే ఉంది. దానికి ముడి వేశాను. పైనుంచి వసుంధర గారు ఏమైందని అడిగారు. సార్ ఒక కొమ్మ చూపించారని చెప్పాను. ఆమె తల ఎత్తి ఆయన వైపు చూసి, “థాంక్యూ భిక్షపతి గారూ” అన్నారు. అలాంటి కొమ్మల మీద నుంచి కొవ్వు ఒలిచిన చేతులు కాబట్టి, అవి ఎక్కడ ఉంటాయో ఆయనకు కళ్లు మూసుకున్నా తెలుసు.

బయటికి వచ్చి గౌను విప్పుతూ ఆయన వసుంధర గారితో ఒక మాట చెప్పాలన్నాడు. ఆమె అక్కడే బెంచీ మీద కూర్చుని విన్నారు. కొవ్వు ఉంచడం మంచిదే గానీ, కాలును మేము ఖరాబ్ చేస్తున్నామని ఆయన అన్నాడు.

“కరెంటు పెన్నుతోని చర్మం అంచుల దగ్గర కాలుస్తున్నరు మేడం. కాలిన కొవ్వు మానదు, నీరు కారి కుళ్లుతది. మాకప్పుడు కాలు దిక్కు పెన్నులు లేకుండె, దారంతోని కట్టేటోళ్లం. మా కాళ్లు విచ్చుకోకపోయేది. కాల్చకుండ్రి, కట్టుండ్రి. ఇంకోటి, గంత పొడుగు కోత ఒక్కటే పెట్టకుండ్రి. నడుమ నడుమ చర్మం వదిలి, చిన్నయి చిన్నయి పెట్టుండ్రి. కుట్టేటప్పుడు లోపలి పొర వేరె, పై పొర వేరె.”

ఆయన తన పిక్క మీద మచ్చ చూపించి మరీ చెప్పాడు. నేను కాల్చిన చోటే అది. మేడం కోపగించుకోలేదు. సోమవారం నుంచి అలాగే చేద్దాం అన్నారు. అలాగే చేశాం. దారం ముడులకు ఇంకో అరగంట పట్టేది, మత్తు డాక్టర్లు విసుక్కునేవారు. కానీ కాళ్లు విచ్చుకోవడం ముందుకన్నా బాగా తగ్గింది. జూనియర్లకు ఆ కుట్లు నేర్పడానికి ఆయనే కొన్నాళ్లు వచ్చాడు. మేక తొడల మీద నేర్పేవాడు. వాళ్లు ఆయన్ని తాతా అనేవాళ్లు. ఆయన వాళ్ల కణుపుల మీద కొట్టేవాడు.

2013లో మామూలు పరీక్షల్లో భాగంగా ఆయనకు సీటీ తీశారు. రెండు సిరలూ తెరిచే ఉన్నాయి, లోపల మందం ఏమీ లేదు. ఆ బొమ్మను ఆయన చాలాసేపు చూశాడు. మంచిగున్నది అని మాత్రం అన్నాడు. మీసాల గార్డు గురించో, పూలాయన గురించో ఆ రోజు ఏమీ అనలేదు. అనుకున్నాడని నాకు తెలుసు.

గుండె ఆయన్ని మోసం చేయలేదు. షుగరు వల్ల కిడ్నీలు చెడి, తెలంగాణ రాష్ట్రం వచ్చిన 2014లోనే, ఇంకా ఆ రోజు రాకముందే, మార్చి నెలలో పోయాడు.

నేను 2017లో రిటైరయ్యాను. ఇప్పుడు ఉప్పల్ దారి పొడుగునా మెట్రో స్తంభాలు. హబ్సిగూడ చౌరస్తా దగ్గర నాచారం వైపు తిరిగే ఆటోలు కనిపిస్తే, ఎక్కి ఆ సందు మొదట్లో దిగి, మరిగించిన నీళ్ల ఆవిరి కొడుతున్న ఆ గదిలోకి వెళ్లాలని ఉంటుంది. ఆ ఇంట్లో ఇప్పుడు వేరేవాళ్లున్నారు. అంజమ్మ తమ్ముడి దగ్గరికి భువనగిరి వెళ్లిపోయింది. పని మానేసి ఇన్నేళ్లయినా, నాకు థియేటర్ కన్నా ఆ తొమ్మిది వారాలే ఎక్కువ గుర్తుకొస్తాయి. కళ్లు తెరవగానే ఇవాళ సార్ ఏం అడుగుతాడో అని ఒక్క క్షణం అనిపిస్తుంది.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు ఆ ఉదంతం నేర్పేది ఇది. కంటికి శుభ్రంగా కనిపించేది ఒంటికి మంచిది కాకపోవచ్చు. పారేసే ముందు అది అక్కడ ఏం పని చేస్తోందో తెలుసుకోవాలి. పద్ధతి మారినప్పుడు, పాత పద్ధతి నేర్పినవాళ్లకు ముందుగా వెళ్లి చెప్పాలి. వాళ్లు నొచ్చుకుంటారని దాచడం గౌరవం కాదు. వాళ్ల దగ్గర ఇంకా మిగిలి ఉన్న విద్యను మనమే వదులుకోవడం. నేను ఏడాదిన్నర దాచాను. మొదటి వారమే చెప్పి ఉంటే, ఆ ఏడాదిన్నరలో మా దగ్గర పుండు పడిన కాళ్లలో కొన్నయినా పడకుండా ఉండేవి.